నా ఏడు నియమాలూ, కెప్టెన్ గారి తుపానూ

ఆ రోజుల్లో, అంటే నాకు అరవై ఆరేళ్లు నిండినా ఇంకా కుర్రతనం వదలని రోజుల్లో, మనిషి బతుకును తేదీలతోనూ అంకెలతోనూ పూర్తిగా కొలిచి చెప్పవచ్చునని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (ఇప్పుడు డెబ్బై మూడు. ఇప్పటికీ నమ్ముతాను కానీ, పక్కన ఎవరైనా ఉన్నారేమో ఒకసారి చూసుకుని మరీ నమ్ముతాను.) ఉద్యోగ విరమణ చేసిన మొదటి సంవత్సరాన్ని వార్ధక్యంలో కలిపి లెక్కించడం శాస్త్రీయం కాదని నా అభిప్రాయం. కాలేజీలో చేరిన మొదటి ఏడాది లక్షణాలన్నీ ఆ సంవత్సరంలో మనిషికి తిరిగి వస్తాయి: చేతినిండా తీరిక, తలనిండా పొగరు, ఎవరూ అడగని విషయాల మీద ఖచ్చితమైన అభిప్రాయాలు. కనుక ఈ ఉదంతాన్ని నా యౌవన జ్ఞాపకాల కింద జమకట్టవలసిందిగా పాఠకులను ముందుగానే మనవి చేసుకుంటున్నాను.

వర్జీనియాలో వంతెనలను తనిఖీ చేసే ఇంజినీరుగా ముప్ఫై ఒక్క సంవత్సరాలు పనిచేసి విరమించాను. వంతెన కింద నిలబడి పైకి చూస్తూ బతికిన మనిషికి పగులు ఎక్కడుందో వెతకడం తప్ప వేరే దృష్టి మిగలదు. హెర్న్‌డన్‌లో మేము వెళ్లే తెలుగు క్రైస్తవ సంఘంలోనూ నాకు కనిపించినది పగులే. ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుని ఆరాధన జరుపుకుంటాం. మూడు గంటలకు మొదలై అయిదింటికి ముగియవలసిన ఆరాధన ఆరున్నరకు గాని ముగిసేది కాదు. కారణం పాటలు కావు, ప్రసంగమూ కాదు, సాక్ష్యాలు. దేవుడు తమకు చేసిన మేలును చెప్పడానికి లేచినవారు ఆ మేలు కన్నా ముందు తాము కొన్న ఇల్లు, ఆ ఇంటి బేస్‌మెంటులోకి వచ్చిన నీళ్లు, ఆ నీళ్ల విషయంలో ఇన్సూరెన్సు వారు అన్న మాటలు కూడా చెప్పేవారు. సంఘ పెద్దల సమావేశంలో నేను ఒక తీర్మానం పెట్టించాను: ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. తీర్మానం అమలుకు నా సొంత డబ్బుతో ఒక ఇత్తడి గంట కొన్నాను. మొదటి వరుసలో గంటతో నేను కూర్చోవడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆరాధన అయిదూ పదికి ముగిసింది. పిల్లలు నన్ను 'టైమ్ అంకుల్' అనేవారని తెలుసు. పెద్దలు ఏమనేవారో మా ఆవిడకు తెలుసు కానీ నాకు చెప్పలేదు.

ఆ గంట వల్ల అందరి కన్నా ఎక్కువ నష్టపోయినవారు కెప్టెన్ గారు. కాకినాడ మనిషి, వ్యాపార నౌకల్లో దేశాలన్నీ తిరిగి విరమించి, ఇక్కడ మాకు రెండు వీధుల అవతల స్థిరపడ్డారు. నెలకొకసారి ఆయన వంతు వచ్చేది. వచ్చినప్పుడల్లా ఒకే సాక్ష్యం: ఆయన కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నడిసముద్రంలో, తుపానులో ఓడ ఇంజను ఆగిపోయిన సంగతి. ఆయన దాన్ని మేఘం కమ్ముకోవడం దగ్గర మొదలుపెట్టేవారు. గాలి లేచేది, వంటగదిలో గిన్నెలు దొర్లేవి, ఇంజను ఆగేది. అక్కడికి సరిగ్గా మూడు నిమిషాలు. నేను గంట కొట్టేవాణ్ణి. ఆయన ఒక నవ్వు నవ్వి కూర్చునేవారు. వచ్చే నెల మళ్లీ మేఘం దగ్గర నుంచే మొదలు. ఈ విధంగా ఆ ఓడ మూడేళ్లపాటు మా సంఘంలో తీరం చేరలేదు. (మధ్య నుంచి మొదలుపెట్టవచ్చును కదా అని నేను ఒకసారి సూచించాను. "తుపాను మధ్య నుంచి మొదలవుద్దేంటండి?" అన్నారాయన.)

ఇక ఆట సంగతి. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఉండే మా అమ్మాయి, ఖాళీగా ఉంటే నేను వాళ్ల అమ్మ వంటింట్లో డబ్బాల మీద తేదీలు అంటిస్తున్నానని విని, కంప్యూటరు మీద ఆడే ఒక అంతరిక్షయాన ఆట కొని పంపింది. అందులో మనకొక ఓడ ఉంటుంది. ఒక నక్షత్రం దగ్గర నుంచి ఇంకొక నక్షత్రం దగ్గరకు ఒక్క గెంతులో వెళ్లవచ్చును. పసుపు, తెలుపు రంగుల నక్షత్రాలకు కాస్త దగ్గరగా పోతే ఓడ వాటి నుంచి ఇంధనం పీల్చుకుంటుంది. పొగరంగులో ఉండే చిన్న నక్షత్రాలు చుక్క కూడా ఇవ్వవు. చూడని నక్షత్రాల వివరాలు సేకరించి, క్షేమంగా ఇంటి రేవుకు తిరిగివస్తే ఆ నక్షత్రాల పక్కన మన పేరు పడుతుంది. దారిలో ఓడ పోతే అన్నీ పోయినట్టే. ఈ చివరి మాట చదివేసరికి, ఇన్నేళ్ల తరువాత మళ్లీ ఎవరో నా చేతికి నిజమైన వంతెనను అప్పగించినట్టు అనిపించింది.

అందరూ ఆట మొదలుపెట్టి ఆడతారు. నేను నియమాలు మొదలుపెట్టాను. గెలాక్సీ అంచున ఉన్న ఒక ఎర్ర నక్షత్రం దాకా పోయి క్షేమంగా తిరిగి రావాలనుకున్నాను. అందుకు నాకు నేనే ఏడు నియమాలు విధించుకుని, కాగితం మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసి, బేస్‌మెంటు గోడకు అంటించాను. తదుపరి నక్షత్రానికి సరిపడా ఇంధనం ఉన్నదని రెండుసార్లు లెక్క చూడనిదే గెంతరాదు. ఓడను స్వహస్తాలతోనే దించవలెను, యంత్రానికి వదలరాదు. ఇతర ఆటగాళ్ల నుంచి ఏ సహాయమూ స్వీకరించరాదు. (అనగా, సొంత లెక్క మీద పోయినవాడు సొంత లెక్క మీదే తిరిగి రావలెను.) ఆదివారం ప్రయాణించరాదు. ప్రయాణం ముగిసేదాకా ఓడను విడువరాదు, అనగా కంప్యూటరు ఆపరాదు. త్వరగా ఇల్లు చేరడానికి ఓడను పేల్చివేసుకోరాదు. (ఆటలో ఇదొక వెసులుబాటు. పేల్చేసుకుంటే మరుక్షణం ఇంటి రేవులో కొత్త ఓడతో ఉంటాం. సిగ్గులేని వెసులుబాటు.) ఏడవది, ప్రయాణ మధ్యంలో పై నియమాలలో దేనినీ సవరించరాదు. ఫోనులో ఇవన్నీ మా అమ్మాయికి చదివి వినిపించాను. "నాన్నా, అది గేమ్. ఎంజాయ్ చెయ్, అంతే. రూల్స్ ఎందుకు పెడుతున్నావ్?" అంది. నియమం లేనిదే ఆనందం ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఎలా తెలుస్తుందని అడిగాను. అమ్మతో మాట్లాడతానంది.

ఓడకు మా ఆవిడ పేరే పెట్టాను. ఆవిడ మెట్ల మీద నుంచి తెర మీద తన పేరు చూసి, "నా పేరు పెట్టుకుని నన్ను వదిలిపెట్టి ఎక్కడికండీ?" అన్నది. గెలాక్సీ అంచుకని చెప్పాను. వచ్చేటప్పుడు పాలు తెమ్మంది.

ఈ సంగతి సంఘంలో తెలియకుండా ఉంటుందా? ఆరాధన తరువాత టీ దగ్గర కెప్టెన్ గారు నియమాలన్నీ ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకున్నారు. మూడో నియమం దగ్గర ఆయన ముఖంలో నవ్వు పోయింది. "ఇంజినీరు గారూ, నేను ముప్ఫై ఏళ్లు ఓడెక్కానండి. సాయం తీసుకోనని రాసుకుని రేవు వదిలినోణ్ణి ఒకణ్ణే చూశాను. మిమ్మల్ని రెండో ఆయనగా చూస్తున్నాను" అన్నారు. ఆ మొదటి ఆయన ఎవరని నేను అడగలేదు. అడిగితే అది మూడు నిమిషాల్లో తేలే వ్యవహారంలా కనిపించలేదు. మాట మీద మాట పెరిగి చివరకు పందెం దాకా వచ్చింది. (సంఘ పెద్దలు పందేలు కాయరాదు. దీనిని మేము 'ఒప్పందం' అన్నాము.) ఏడు నియమాలూ చెక్కుచెదరకుండా క్రిస్మస్‌లోగా నేను ఇంటి రేవు చేరితే, కెప్టెన్ గారు ఆ తుపాను సాక్ష్యాన్ని ఇక జన్మలో ఎత్తరు. ఒక్క నియమం తప్పినా, నేను గంటను ఆయన చేతిలో పెట్టి వెనక వరుసలో కూర్చోవాలి. మరుసటి ఆదివారానికల్లా సంఘం రెండుగా చీలింది. త్వరగా ఇళ్లకు పోవాలనుకునేవారు నా క్షేమం కోసం ప్రార్థించారు. తమ సాక్ష్యాలు సగంలో ఆగిపోయినవారు కెప్టెన్ గారి పక్షాన ఉన్నారు. లెక్క వేసి చూస్తే రెండో పక్షమే పెద్దది.

సెప్టెంబరు మొదటి సోమవారం బయలుదేరాను. తొలి చిక్కు నాలుగో నియమంతో వచ్చింది. ఓడ గడియారం గ్రీన్విచ్ కాలమానంలో నడుస్తుంది. ఆ లెక్కన శనివారం రాత్రి ఇంకా మేము భోజనానికి కూర్చోకముందే ఓడలో ఆదివారం ప్రవేశిస్తుంది. హెర్న్‌డన్‌లో ఆదివారం వెళ్లేసరికి ఓడలో సోమవారం తెల్లవారబోతుంది. ఏ ఆదివారం అసలైన ఆదివారం? అనుకూలమైన దానిని ఎంచుకోవడం మోసమవుతుందని భావించి రెండింటినీ పాటించాను. ఫలితంగా నా విశ్రాంతి దినానికి ఇరవై ఎనిమిది గంటలు, నవంబరులో గడియారాలు వెనక్కి తిప్పాక ఇరవై తొమ్మిది గంటలు వచ్చాయి. (పాస్టరు గారితో సంప్రదించాను. ఆయన వేదాంతశాస్త్రంలో ఈ ప్రశ్న తనకు ఎదురుపడలేదనీ, ఎదురుపడాలని కూడా తాను కోరుకోవడం లేదనీ అన్నారు.) అక్టోబరు చివరకు ఎర్ర నక్షత్రం చేరాను. అది నా కళ్ల ముందు నిప్పు కణికలా వెలుగుతుంటే మా ఆవిడను పిలిచి చూపించాను. "బాగుంది. ఇంక రండి" అన్నది. నేను వెళ్లినది కేవలం తెర దాకానే అయినా, ఆ 'రండి' అనే మాట నాకు చాలా దూరం నుంచి వినబడింది.

తిరుగు ప్రయాణం సగానికి పైగా ముగిసింది. థాంక్స్‌గివింగ్ తరువాతి శనివారం సాయంత్రం నేనొక పొగరంగు నక్షత్రం దగ్గర ఉన్నాను. ఒక్క గెంతు వేస్తే పసుపు నక్షత్రం, కావలసినంత ఇంధనం. ఆ గెంతుకు సరిపడా ఉన్నది కూడా. కానీ గెంతు ముగిసేలోగా ఓడ గడియారంలో ఆదివారం వచ్చేస్తుంది. నాలుగో నియమం ప్రకారం ఆగిపోయాను. అయిదో నియమం ప్రకారం కంప్యూటరు ఆపలేదు. ఆదివారం స్నానం చేసి, గంట పట్టుకుని, నిశ్చింతగా ఆరాధనకు వెళ్లివచ్చాను. సోమవారం ఉదయం కిందికి దిగి చూస్తే ఇంధనపు అంకె ఎర్రగా ఉంది. కంప్యూటరు ఆపనంతసేపూ, ఊరికే నిలబడి ఉన్నా ఓడలోని దీపాలకూ వెచ్చదనానికీ కొంచెం కొంచెం ఇంధనం ఖర్చవుతూనే ఉంటుందన్న సంగతి నాకు తెలుసు. ఇరవై తొమ్మిది గంటల పొడవునా అది ఎంత అవుతుందన్నది మాత్రం నేను లెక్కలోకి తీసుకోలేదు. పసుపు నక్షత్రం కిటికీలో చక్కగా కనబడుతోంది. దానిని చేరడానికి మాత్రం ఇంధనం చాలదు. ఏ నియమమూ తప్పలేదు. ప్రతి దూలమూ గట్టిదే. వంతెన మాత్రం కూలిపోయింది.

ఆ ఆటలో ఇలా చిక్కుకున్నవారికి ఇంధనం తెచ్చి పోసే దయామయులు కొందరున్నారు. కబురు పెడితే చాలు, ప్రతిఫలం అడగరు. ఈ ముక్క నా నోటి నుంచి జారడమే పొరపాటయింది.

"ఊరికే పోస్తామంటుంటే పుచ్చుకోవడానికేం?" అన్నది మా ఆవిడ.

"మూడో నియమం."

"ఎవరు పెట్టారు?"

"నేనే."

"అయితే మీరే తీసెయ్యండి."

"ఏడో నియమం ఒప్పుకోదు."

ఆవిడ గోడ మీది కాగితాన్ని మొదటిసారిగా పూర్తిగా చదివింది. చదివి, "ఇందులో భోజనం మానెయ్యాలని ఎక్కడా లేదు, పైకి రండి" అన్నది. వెళ్లాను. కానీ ఆ వారమంతా నాకు దేని మీదా మనసు నిలవలేదు. అంతకు ముందు ముప్ఫై ఒక్క ఏళ్లలో నా లెక్క తప్పి ఏదీ ఆగిపోలేదు. ఇప్పుడు, ఏ నియమమూ తప్పకుండానే, మా ఆవిడ పేరు గల ఓడ పొగరంగు నక్షత్రం పక్కన దీపాలు ఒక్కొక్కటే ఆర్పుకుంటూ నిలబడి ఉంది. పేల్చేసుకుంటే రెండు నిమిషాల్లో అంతా తేలిపోతుంది. ఆ పేరున్న ఓడను పేల్చే మీట నొక్కడానికి నాకు చెయ్యి రాలేదు. (ఆరో నియమం అడ్డం వచ్చిందని ఆవిడతో చెప్పాను.)

ఆ ఆదివారం కెప్టెన్ గారి వంతు. మేఘం కమ్ముకుంది, గాలి లేచింది, గిన్నెలు దొర్లాయి, ఇంజను ఆగింది. నేను గంట కొట్టలేదు. గంట ఒళ్లో ఉన్న సంగతే నాకు గుర్తులేదు. కెప్టెన్ గారు ఒక్క క్షణం ఆగి నా వైపు చూశారు. మూడేళ్లుగా ఎదురుచూసిన అవకాశం; ముందు నాలుగో నిమిషం, అయిదో నిమిషం, తీరం దాకా సముద్రమంతా ఖాళీగా పరచుకుని ఉంది. ఆయన కథ అక్కడే ఆపి, తనంతట తానే కూర్చున్నారు. టీ దగ్గర ఆయన మా ఆవిడ వద్దకు వెళ్లి ఏదో అడగడం చూశాను గానీ పట్టించుకోలేదు.

తరువాత పన్నెండు రోజులకు, ఒక శుక్రవారం ఉదయం, నేను బేస్‌మెంటులో ఆగిపోయిన ఓడకు ఎదురుగా కాఫీ తాగుతూ కూర్చుని ఉండగా ఫోను మోగింది.

"ఇంజినీరు గారూ, ఓసారి కిటికీలోంచి బయటికి చూడండి."

కప్పు కింద పెట్టి, మెట్లెక్కి, ముందు గదిలోకి పోయి, తెర తొలగించి చూశాను. మా కారు, ఎదురింటివారి కుక్క తప్ప వీధిలో ఏమీ లేవు. ఎవరూ లేరని చెప్పాను.

"ఆ కిటికీ కాదండి బాబూ. ఓడ కిటికీ."

మెట్లు దిగి వచ్చాను. పొగరంగు వెలుతురులో, నా ఓడకు ఎడమ పక్కగా, సొట్టలు పడిన ఒక చిన్న ఓడ దీపాలన్నీ వెలిగించుకుని నిలబడి ఉంది. నేను ఏమి అడగాలో తోచక, ఎలా వచ్చారని అడిగాను.

"పక్కనే ఉన్నాను కదండి" అన్నారు కెప్టెన్ గారు.

ఆయన పక్కన లేరు. ఒప్పందం కుదిరిన వారమే, నేను మోసం చేస్తానేమో కనిపెట్టి ఉండడానికని ఆట కొన్నారట. నియమాలు లేవు, లెక్కలు లేవు. మొదటి నెలలో పదకొండుసార్లు ఓడను గుద్దేశారు. నా ఓడ ఎక్కడ ఆగిందో ఆ ఆదివారం టీ దగ్గర మా ఆవిడను అడిగి తెలుసుకుని, నా కోసం బయలుదేరిన తరువాత కూడా రెండుసార్లు దారిలో ఓడ పోగొట్టుకుని, రెండుసార్లూ ఇంటి రేవు నుంచి మళ్లీ మొదలుపెట్టారు. ఫోనులో ఈ సంగతులన్నీ చెబుతూనే ఇంధనం నింపిన చిన్న యంత్రాలను నా వైపు వదలబోతున్నారు. నేను ఆగమన్నాను. ఈ ఇంధనం పుచ్చుకున్న క్షణం నేను ఓడిపోతానని ఆయనకు తెలుసు. పోయకపోయినా నేను క్రిస్మస్‌లోగా చేరలేను, అప్పుడూ గెలుపు ఆయనదే. ఇంత దూరం రావలసిన అవసరం ఆయనకు ఏమాత్రం లేదు. ఏ లెక్క ప్రకారం వచ్చారని సూటిగా అడిగాను.

"మీరు గంట కొట్టకుండా ఉండుంటే మూడేళ్ల క్రితమే తెలిసేదండి" అన్నారాయన. తరువాత, గంట లేని ఆ అంతరిక్షంలో, తుపాను మిగతా సగం చెప్పారు. ఓడ ఇంజను ఆగిపోయాక వాళ్ల పెద్ద కెప్టెను ఎవరినీ సాయం పిలవనివ్వలేదట. మా ఇంజను మేమే బాగుచేసుకుంటాం అన్నాడట. రెండు రోజులు అలల మీద అలాగే కొట్టుకుపోయారు. మూడో రోజు పొద్దున్న ఒక చిన్న సరుకుల ఓడ, ఎవరూ పిలవకుండానే, దారి మళ్లించుకుని వచ్చి తాడు విసిరింది. "రోజూ సాయంత్రం చుట్టుపక్కల ఓడలోళ్లం రేడియోలో పలకరించుకునేవాళ్లమండి. రెండు సాయంత్రాలు మేం పలకలేదు. అందుకని వచ్చారు. ఎలా వచ్చారయ్యా అంటే, పక్కనే ఉన్నాం కదా అన్నాడు వాళ్ల ఆఫీసరు. మ్యాపు తీసి చూస్తే పక్కన అంటే రోజున్నర దూరం." తరువాత అన్నారు: "మొన్నొక ఆదివారం మీ గంట మోగలేదు."

నేను ట్యాంకు మూత తెరిచాను. అంకె ఎరుపు నుంచి పసుపుకు, పసుపు నుంచి ఆకుపచ్చకు మారింది. మూడో నియమం పోయింది. ఆశ్చర్యమేమిటంటే పైకప్పు కూలలేదు. అప్పుడు అలవాటు కొద్దీ ఒక ప్రశ్న అడిగాను: మీ దగ్గర ఎంత మిగిలింది? చూడలేదన్నారు. చూడమన్నాను. "ఎర్రగా ఉందండి" అన్నారు, వాతావరణం గురించి చెబుతున్నట్టుగా. ఎక్కడెక్కడ ఇంధనం దొరుకుతుందో, ఏ గెంతు ఎంత దూరమో నా దగ్గర లెక్క ఉంది. పసుపు నక్షత్రానికి ఆయన ఓడ చేరగలదని రెండుసార్లు కాదు, నాలుగుసార్లు లెక్క చూసి చెప్పాను. అక్కడి నుంచి ఇంటిదాకా ముందు నా ఓడ, వెనక ఆయన ఓడ. ఎవరు ఎవరిని కాపాడారన్నది లెక్కకు అందని విషయం, అందువల్ల నేను లెక్కించలేదు.

మర్నాడు శనివారం. సాయంత్రం సరిగ్గా ఏడింటికి, ఓడ గడియారంలో ఆదివారం ప్రవేశించే వేళకు, మళ్లీ ఒక పొగరంగు నక్షత్రం దగ్గరే ఉన్నాము. నా ట్యాంకు నిండుగా ఉంది కానీ ఆయన చిన్న ఓడలో ఒక్క గెంతుకే ఉంది. మీరు కంప్యూటరు ఆపేసి సోమవారం రండి, మీకు నియమం లేదు కదా అన్నాను. "ముందు ఓడ దీపం వెలుగుతుంటే వెనకోడు ఆర్పడండి" అన్నారు. ఆయనకూ నియమాలున్నాయని నాకు అప్పుడే తెలిసింది. అయితే కాగితం మీద లేవు. నా చెయ్యి జాయ్‌స్టిక్ మీద, చూపు గోడ మీది నాలుగో నియమం మీద ఉండిపోయాయి. టీ తెచ్చిన మా ఆవిడ రెండింటినీ చూసి, కప్పు పెట్టడానికి చోటు చేసుకుంటూ, "ఆదివారం పడిపోయినవాణ్ణి సోమవారం లేపుతారా ఏంటి?" అన్నది. గెంతాను. వెనకాలే ఆయన వచ్చారు. ఆ పసుపు నక్షత్రం దగ్గర ఇద్దరమూ ఇంధనం నింపుకున్నాక, ఈసారి నేనే కంప్యూటరు ఆపేసి, ఆపేయండి అని ఆయనకూ చెప్పి, పైకి వెళ్లి తొమ్మిదింటికల్లా నిద్రపోయాను.

డిసెంబరు ఇరవై మూడున ఇంటి రేవు చేరాము. క్రిస్మస్‌కు ముందే చేరినా, ఏడింటిలో మూడు పోగా నాలుగు నియమాలే మిగిలాయి కనుక ఓడిపోయానని ఆ ఆదివారం నిండు సంఘంలో నేనే లేచి ప్రకటించి, గంటను కెప్టెన్ గారికి అందించాను. ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నారు. "నాకెందుకండి? నా మీద నేనే కొట్టుకోవాలా?" అన్నారు. హాలంతా నవ్వింది. పాస్టరు గారు చుట్టూ చూసి, ఇంతవరకు ఒక్కసారి కూడా సాక్ష్యం చెప్పడానికి లేవని మనిషి అని చెప్పి, గంటను మా ఆవిడ చేతిలో పెట్టారు.

ఆరోజు కెప్టెన్ గారి ఓడ తీరం చేరింది. ఎంతసేపు పట్టిందో నేను చూడలేదు. (ఇరవై రెండు నిమిషాలని మా ఆవిడ తరువాత చెప్పింది. ఆవిడ మాత్రం చూసింది.) చిన్న ఓడవాళ్లు తాడు విసిరిన దగ్గర వెనక వరుసలో ఎవరో ముక్కు చీదుకోవడం వినిపించింది. తరువాత నేను లేచాను. జీవితంలో మొదటిసారి నాకు చెప్పుకోవలసిన మేలు ఒకటి ఉంది. అయితే దానిని అర్థం చేసుకోవడానికి ముందు పొగరంగు నక్షత్రాల స్వభావమూ, గ్రీన్విచ్ కాలమానమూ వివరించక తప్పదు కనుక అక్కడి నుంచి మొదలుపెట్టాను. కాలమానం మధ్యలో ఉండగా గంట మోగింది. నమ్మలేక వెనక్కి తిరిగి చూశాను. కెప్టెన్ గారికి ఇరవై రెండు నిమిషాలు, కట్టుకున్నవాడికి మూడా అని కారులో అడిగాను. "అన్నయ్య గారి ఓడ మూడేళ్లుగా సముద్రంలో ఉంది. మీది మొన్ననే కదా వచ్చింది" అన్నది.

నా వంతు మళ్లీ వచ్చిన ప్రతిసారీ అదే జరిగింది. నేను కాలమానం దాటలేదు. కనుక పాఠకులు ఇంతదాకా చదివినది ఏడేళ్లుగా సగంలో ఆగిపోయిన నా సాక్ష్యమే. నియమాల కాగితం ఇంకా గోడ మీదే ఉంది. తేమకు అంచులు చుట్టుకుపోయాయి. ఆ కాగితం కింద వీపు నిటారుగా పెట్టుకుని, పక్కనే పసుపు నక్షత్రం వెలుగుతున్నా ఎవరికీ కబురు పెట్టనని భీష్మించుకుని కూర్చున్న ఆ అరవై ఆరేళ్ల కుర్రవాణ్ణి తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. భుజం మీద చెయ్యి వేసి నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది కానీ, వాడు గడియారం చూసుకుంటాడు. సంఘంలో ఇప్పుడు వేరే గంట ఉంది. పాత ఇత్తడి గంట మా వంటింట్లోనే ఉంటుంది. భోజనానికి పిలవడానికి మా ఆవిడ దానిని వాడుతుంది. చెప్పవలసిన సంగతులు ఇంకా కొన్ని ఉన్నాయి, ముఖ్యంగా ఆ ఎర్ర నక్షత్రం గురించి. కానీ పైన గంట మోగుతోంది. ఇది రెండోసారి.